జాగ్రత్తలన్నీ కొనేవాడికేనా?

సంపాదకుడు గారికి,

అనుమతులు రాకముందే అమ్మే ప్రీలాంచ్ ఆఫర్లకు మోసపోవద్దని, రెరా (ఇళ్ల ప్రాజెక్టులను నమోదు చేసే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు చూసుకునే ఫ్లాటు కొనాలని అధికారులు హితవు చెప్పినట్టు పోయిన వారం మీ పత్రికలో చదివాను. సంతోషం. అదే సంచికలో మొదటి పేజీ నిండా కోకాపేట టవర్ల ప్రకటన ఉంది. అందులో రెరా నంబరు చీమతలకాయంత అక్షరాల్లో ఉంటే మా ఆవిడ కళ్లజోడు మార్చి మరీ చదవాల్సి వచ్చింది.

మా అమ్మాయి వాళ్ల కోసం కొన్నాళ్లుగా నిజాంపేట, బాచుపల్లి, తెల్లాపూర్ తిరుగుతున్నాం. ఎక్కడికెళ్లినా ఒకటే పాట. ‘తూర్పు ఫేసింగ్‌లో ఇదొక్కటే మిగిలింది అంకుల్, సాయంత్రంలోపు టోకెన్ వెయ్యకపోతే రేపు అడుగుకు ఐదొందలు పెరుగుతుంది.’ రెరా నంబరు అడిగితే ‘ఫైలు నడుస్తోంది, వచ్చేస్తుంది’. మొత్తం సొమ్ము ఒకేసారి కడితే ధర బాగా తగ్గిస్తారట, యూడీఎస్ (స్థలంలో విడదీయని వాటా) రాసిస్తారట. చేతిలో పెట్టేది మాత్రం వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఒక ఎంఓయూ, అంటే అవగాహన పత్రం. ‘లాయరుకు చూపించి వస్తాం’ అంటే చాలు, కుర్రాడి మొహంలో నవ్వు మాయం. వెనకాల ఇంకో కుటుంబం క్యూలో ఉంది మరి!

చట్టం లేదా అంటే రెరా చట్టం 2016 నుంచీ ఉంది. నమోదు కాని ప్రాజెక్టులో ఫ్లాటు అమ్మడం మాట అటుంచి, ప్రకటన కూడా ఇవ్వకూడదు. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. వసూలైన దాంట్లో 70 శాతం వేరే ఖాతాలో ఉంచాలి. నమోదు లేకుండా అమ్మితే ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా వెయ్యొచ్చు. మరి నంబరు రాని ప్రాజెక్టుల బ్రోచర్లు మా ఫోన్లలో రోజూ వచ్చి పడుతుంటే, అధికారుల ఫోన్లకు ఒక్కటీ పోదా?

సరే, రెరా నంబరు ఉంది, ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీశాం, లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) లాయరుకు చూపించాం, బ్యాంకు లోను ఇస్తానంది. అయినా ధీమా ఎక్కడ? 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా బుల్డోజర్లు దిగినప్పుడు రిజిస్ట్రేషన్ కాగితాలు పట్టుకుని ఏడ్చినవాళ్లను టీవీల్లో చూశాం. చెరువు ఆక్రమణలు తీసేయాల్సిందే, కాదనను. పాతిక ఎకరాలు దాటిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్ (కట్టడాలు కూడని జాగా) అని జీవో ఉంది. ఆ హద్దులేవో పర్మిషన్ ఇచ్చినప్పుడే చూడొచ్చుగా? బుల్డోజరు ఇంటిమీదికి వచ్చింది గానీ, సంతకం పెట్టిన ఆఫీసు వైపు వెళ్లినట్టు లేదు.

రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం తీసుకుంటారు. కడుతున్న ఫ్లాటైతే మామూలుగా 5 శాతం జీఎస్టీ. 50 లక్షలు దాటితే అమ్మేవాడి పన్ను ఒక శాతం పట్టుకుని కట్టే చాకిరీ కూడా కొనేవాడిదే. ఇంతా కట్టాక టైటిల్‌కు (యాజమాన్య హక్కుకు) పూచీ ఎవరండీ అంటే, రిజిస్ట్రేషన్ ఆఫీసువాళ్లు మేం దస్తావేజు నమోదు చేస్తామే తప్ప హక్కుకు పూచీ ఇవ్వం అంటారు!

ఒకప్పుడు హౌసింగ్ బోర్డు కూకట్‌పల్లిలో కాలనీ కట్టింది. గోడలు పెచ్చులూడాయేమో గానీ టైటిల్ గురించి ఎవరికీ నిద్ర పట్టకపోవడం నేనెరగను. ఆ బోర్డు ఇప్పుడు మిగిలిన స్థలాలు వేలం వేసుకుంటోంది.

రెరా నంబరు లేని ప్రాజెక్టులో యూడీఎస్ రిజిస్ట్రేషన్‌కు వస్తే సబ్‌రిజిస్ట్రారు వెనక్కి పంపాలి. సైటు గేటు దగ్గర, బిల్డరు ఫొటో కన్నా పెద్దగా, సర్వే నంబరూ చెరువు హద్దూ చూపే మ్యాపు పెట్టించాలి. ఇవేమీ రాకెట్ ప్రయోగాలు కావు. ఈలోగా మా అమ్మాయి వాళ్లు అద్దింట్లోనే ఉంటారు. ఓసీ (కట్టడం పూర్తయి ఉండొచ్చని ఇచ్చే పత్రం) వచ్చిన ఫ్లాటు దొరికితే చూస్తాం, ఆ ఓసీ నకలు అడిగినందుకు బిల్డరు గారికి కోపం రాకపోతే.

– ఒక పాఠకుడు, మియాపూర్, హైదరాబాద్