కొత్త మొక్కల పెట్టె రాకముందే

నాన్నా,

మొన్న ఫోన్లో నువ్వు చెబుతుంటే మధ్యలో అడ్డుపడటం ఇష్టంలేక ఊరుకున్నాను. షాపులో రెండు చేపల ట్యాంకులు తీసేసి, ఆ చోట ఎక్కడా దొరకని నీటి మొక్కలు పెడతానన్నావు. జాబితా కూడా చదివావు. బ్యూసెఫలాండ్రా, టోనినా, ఎరియోకాలన్, మడగాస్కర్ లేస్ మొక్క... కొత్త రకం చేప వచ్చిన రోజు మీ నాన్న గొంతు కూడా అచ్చం అలాగే ఉండేది. అందుకే వద్దనను. కానీ ఇరవై ఏళ్లు ఆ షాపులో మొక్కల ట్యాంకు చూసుకున్నదాన్ని కదా, నీ మొదటి పెట్టె దిగేలోపు నాలుగు సంగతులు రాసి పెడుతున్నాను. ఫోన్లో అయితే సగం వింటావు, మిగతా సగానికి "సరేలే అమ్మా" అంటావు.

అన్నిటికంటే ముందు ఒకటి తెలుసుకో. నర్సరీ నుంచి నీకు వచ్చే మొక్కల్లో చాలావరకు నీళ్లలో పెరిగినవి కావు. వేర్లు తడిలో, ఆకులు గాల్లో ఉంచి, చుట్టూ తేమ తగ్గకుండా చూస్తూ పెంచుతారు. అలా పెంచితే నాచు పట్టదు, నత్తలు తక్కువ, మొక్క త్వరగా ఎదుగుతుంది. గాల్లో కార్బన్ డయాక్సైడ్ ఆకుకి సులువుగా అందుతుంది. నీళ్లలో అదే వాయువు దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. అందుకే ముంచగానే మొక్క పాత ఆకుల్ని వదిలేసి, నీళ్లకి పనికొచ్చే పల్చటి ఆకులు వేసుకోవడం మొదలుపెడుతుంది. దీనికి రెండు వారాలు పట్టొచ్చు, నెల పట్టొచ్చు. రోటలా రొటండిఫోలియాని చూడు. పేరుకే గుండ్రటి ఆకుల మొక్క. గాల్లో పెరిగినప్పుడు గుండ్రంగానే ఉంటుంది. నీళ్లలో నెలరోజులు ఉంచితే ఆకులు సన్నగా పొడుగ్గా వచ్చి, ఆ మొక్కేనా అనిపిస్తుంది.

అంటే షాపులో నువ్వు చూపించే ఆకు ఒకటి, కొన్నవాళ్లింట్లో బతికే ఆకు ఇంకొకటి. ఈ వ్యాపారంలో నేను పడ్డ మాటలన్నీ ఇక్కడి నుంచి వచ్చినవే.

నేను మొదటిసారి క్రిప్టోకొరైన్ అనే నీటి మొక్కలు తెప్పించిన సంగతి నీకు చెప్పలేదనుకుంటా. అప్పుడు నువ్వు చాలా చిన్నవాడివి. పన్నెండు చిన్న కుండీలు వచ్చాయి. గోధుమరంగు ఆకులు, అంచులు కుచ్చిళ్లు పెట్టినట్టు. మురిసిపోతూ నాటాను. నాలుగో రోజు పొద్దున లైటు వేసేసరికి ఆకులు గాజులా తేటగా అయిపోయి ఉన్నాయి. వేలితో ముట్టుకుంటే జిగురుగా చేతికంటుకున్నాయి. తెగులు తగిలింది, మిగతావాటికి అంటుకుంటుందని హడావిడిగా అన్నీ పీకి, వెనకాల బకెట్లో పడేశాను. ఒక్కటి మాత్రం రాయి చాటున ఉండి నా కంటపడలేదు. మూడు వారాల తరవాత ఆ రాయి జరిపితే, ఖాళీగా ఉండాల్సిన ఇసుకలోంచి సూదిమొనంత ఆకు చుట్టుకుని పైకి వస్తోంది. పక్కనే ఇంకోటి. ఆకులు కరిగిపోయినా వేర్లు బతికే ఉంటాయని, నీళ్లో వెలుతురో వేడో మారితే క్రిప్టోలు ఇలాగే చేస్తాయని ఆ తరవాత తెలిసింది. నేను పారేసిన పదకొండూ బతికున్నవే. అప్పటికి ఆ బకెట్ ఎప్పుడో ఖాళీ చేసేశాను.

కాబట్టి పెట్టె విప్పిన రోజే అమ్మకానికి పెట్టకు. వెనక ఒక ట్యాంకు వీటికోసం ఉంచు. కొత్త ఆకు కనబడ్డాకే ముందుకి తీసుకురా. గిరాకీ ఎదురుగా నిలబడి అడుగుతుంటే ఇది కష్టమే, తెలుసు. అంత తొందరపడే మనిషికైతే "ఉన్న ఆకులు పోతాయి, పీకకండి, నెల ఆగండి" అని చెప్పి, ఆ మాట కవరు మీద కూడా రాసివ్వు. నోటిమాట ఇంటికెళ్లేసరికి గుర్తుండదు.

షోకేసు ట్యాంకు సంగతి. కార్బన్ డయాక్సైడ్ సిలిండరు పెట్టి, గులాబీ ఛాయ ఉన్న ఖరీదైన లైటు పెట్టి అందంగా తయారుచేద్దామని నీ ప్లాను. చెయ్యి, అది చూసే జనం లోపలికొస్తారు. దాని పక్కనే ఇంకోటి కూడా పెట్టు. సిలిండరు లేకుండా, మామూలు లైటుతో. రెండింట్లోనూ అవే మొక్కలు నాటు. రోటలా మాక్రాండ్రా మొదటిదాంట్లో ఎర్రగా నిగనిగలాడుతుంది, రెండోదాంట్లో కింది ఆకులు రాల్చుకుని వెలవెలబోతుంది. అనూబియాస్ రెండింట్లోనూ ఒక్కలాగే ఉంటుంది. వచ్చినవాళ్లకి నువ్వు పాఠం చెప్పక్కర్లేదు, వాళ్లే చూసుకుంటారు. అన్నట్టు అనూబియాస్‌కి ఆ పేరు ఈజిప్టువాళ్ల అనూబిస్ దేవుడి మీదుగా వచ్చింది. చనిపోయినవాళ్లని చూసుకునే దేవుడాయన. నీడలో పెరిగే మొక్క కదా అని పెట్టారట. ఎంత నిర్లక్ష్యం చేసినా చావని మొక్కకి ఆ పేరేమిటో అని నేను నవ్వుకునేదాన్ని.

ఇప్పుడు నీ జాబితా. బ్యూసెఫలాండ్రా తెప్పించు, మంచిదే. బోర్నియో అడవుల్లో వాగుల పక్కన రాళ్లని పట్టుకుని పెరుగుతుంది. వాన పడితే మునుగుతుంది, వాగు తగ్గితే బయటపడుతుంది, అందుకే మొండిది. పెరగడం మాత్రం నత్తనడకే. అడ్డంగా పాకే లావుపాటి కాండాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్లిపోతుంది. రాయికో చెక్కకో దారంతో కట్టాలి, లేదా సూపర్ గ్లూ జెల్ చుక్క పెట్టి అతికించాలి. అనూబియాస్, జావా ఫెర్న్, బోల్బిటిస్ అన్నిటికీ ఇదే పద్ధతి. పేర్ల దగ్గర జాగ్రత్త. శాస్త్రవేత్తలు గుర్తించిన జాతులు 30 దాకా ఉంటే, బజార్లో పేర్లు వందల్లో ఉన్నాయి. ఒకే మొక్కని మూడు పేర్లతో మూడుసార్లు నీకు అంటగట్టగలరు. ఇంకో మాట, అడవిలో రాళ్ల మీంచి ఊడబీకి తెచ్చిన సరుకు కూడా తిరుగుతోంది. నర్సరీలో పెంచిందా, ల్యాబులో జెల్ మీద పెంచిన టిష్యూ కల్చరా అని అడుగు. జవాబు తిన్నగా రాకపోతే ఆ మనిషి దగ్గర కొనకు.

టోనినా, ఎరియోకాలన్ మాత్రం ఇప్పుడే వద్దు. వాటికి మెత్తటి నీళ్లు, అంటే ఖనిజాలు తక్కువున్నవి కావాలి, కాస్త ఆమ్ల గుణం ఉండాలి, కార్బన్ డయాక్సైడ్ బాగా అందాలి. నీ షాపు నీళ్ల కఠినత్వం ఎంతో నువ్వింకా కొలవనే లేదు. ముందు టెస్టు కిట్ తెచ్చి కొలువు, తరవాత మాట్లాడుకుందాం.

లేస్ మొక్క గురించి ఏం రాయను! ఆకంతా ఈనెలే, మధ్యలో అన్నీ కిటికీలు. జల్లెడ పట్టి చూసినట్టు అవతలి చేప కనబడుతుంది. ఆ చిల్లులు పురుగు కొట్టినవి కావు. ఆకు లేతగా ఉన్నప్పుడే ఈనెల మధ్య కణాలు తమంతట తామే చచ్చిపోయి చోటిస్తాయి. కణాలు అలా ఎందుకు, ఎలా చనిపోతాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఈ మొక్కనే పెంచుకుంటారు. నేనొకటి పెంచాను. ఆరు నెలలు రాణిలా ఉంది. తరవాత ఒక్కో ఆకూ నల్లబడి, చివరికి దుంప మిగిలింది. దానికి విశ్రాంతి కాలం కావాలట. చల్లటి నీళ్లలో కొన్నాళ్లు ఊరుకోనిస్తే మళ్లీ లేచేదేమో. నేను లేపలేకపోయాను. ఒకటి తెప్పించుకుని నీ ట్యాంకులో పెంచు, సరదా తీరుతుంది. మొదటిసారి అక్వేరియం పెట్టుకునేవాళ్లకి మాత్రం ఎంత బతిమాలినా అమ్మకు.

ఆ మూడింటి బదులు ఇంకోటి చెప్పనా? పోగోస్టెమాన్ హెల్ఫెరి. థాయ్ భాషలో డౌనాయ్ అంటారు, చిన్న నక్షత్రమని అర్థం. పైనుంచి చూస్తే నక్షత్రంలాగే ఉంటుంది, ఆకుల అంచులు ముడతలు ముడతలుగా. ఎత్తు పెరగదు, పక్కకి పిలకలు వేస్తుంది. చూసినవాళ్లు ఆగి ఇదేమిటని అడగకుండా పోరు.

ఇక నాకు ఇప్పటికీ సిగ్గనిపించే విషయం. ఒకసారి పెట్టెలో అడగని రకాలు కొన్ని వచ్చాయి. ఊదారంగు ఆకులవి, తెల్ల చారలవి. రంగు చూసి నేనూ మోసపోయాను. అప్పుడే కాలేజీలో చేరిన కుర్రాడొకడు మొదటి ట్యాంకు కోసం వస్తే, అవే ఏరి ఇచ్చాను. రెండు నెలలకి ఒక కవరు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. మూతి విప్పగానే మురుగు వాసన. "మీరే కదండీ నీటి మొక్కలన్నారు" అన్నాడు, అంతే. గొడవ చేసినా బాగుండేది. డబ్బు తిరిగిచ్చాను, తీసుకున్నాడు, మళ్లీ షాపుకి రాలేదు. అవి డ్రసీనా, హెమీగ్రాఫిస్. కుండీల్లో పెంచుకునేవి. మోండో గ్రాస్, సింగోనియం, పీస్ లిల్లీ, లక్కీ బాంబూ కూడా ఈ కోవలోవే. నీళ్లలో ముంచితే వెంటనే చావవు, కొన్ని వారాలు నిగనిగలాడుతూనే ఉంటాయి, అందుకే జనం నమ్ముతారు. నీళ్లలో పెరిగిన ఆకుని పైకెత్తితే సాధారణంగా తడిగుడ్డలా వాలిపోతుంది, వీటి ఆకులు బిరుసుగా నిలబడతాయి. అనూబియాస్ ఆకూ బిరుసే, గాల్లో పెంచిన అసలు నీటి మొక్కలూ నిలబడతాయి కాబట్టి దీన్నొక్కటే నమ్ముకోకు. ప్రతి మొక్కకీ శాస్త్రీయ నామం బిల్లులో రాసివ్వమని అడుగు. రాయనంటే తిప్పి పంపు.

టిష్యూ కల్చర్ కప్పులు తెప్పిస్తానన్నావు, అది తెలివైన పనే. మూసిన కప్పులో జెల్ మీద పెరుగుతాయి కాబట్టి నత్తా రాదు, నాచూ రాదు, పురుగుమందు భయం లేదు. అమ్మేదాకా మూత తియ్యకు, మరీ వేడి తగలని చోట కాస్త వెలుతురులో ఉంచు. కొనేవాళ్లకి జెల్ మొత్తం కడిగెయ్యాలని, మొక్కని చిన్న చిన్న కుదుళ్లుగా విడదీసి నాటాలని చెప్పు. చిన్న కుండీల్లో వచ్చేవాటికి మాత్రం వేర్ల చుట్టూ దూదిలా ఉండే రాక్‌వూల్ విప్పి చూడు. దాంట్లో నత్తగుడ్ల జిగురు ముద్దలుంటాయి, తూనీగ పిల్లలుంటాయి, నీటిమీద తేలే డక్‌వీడ్ అనే కలుపు ఆవగింజంత ఆకులుంటాయి. పటిక నీళ్లలో నానబెట్టడం నా పద్ధతి. గుడ్లు అన్నీ పోవు, అందుకే వారం పది రోజులు విడిగా ఉంచి మళ్లీ చూసేదాన్ని. చూడకపోతే ఏమవుతుందో 2021లో అమెరికాలో చూశారు. అక్వేరియం షాపుల్లో అమ్మే నాచు బంతుల్లో జీబ్రా మసెల్స్ అనే బుల్లి ఆల్చిప్పలు బయటపడ్డాయి. చెరువుల్లో పడితే పైపులు పూడ్చేసే రకం. దేశమంతా షాపులు ఆ సరుకు వెనక్కి తీసుకోవాల్సొచ్చింది.

పురుగుమందు మాట వచ్చింది కాబట్టి రొయ్యల గురించి కూడా. మొక్కలకి అంటుకుని వచ్చే మందు, చేపలకి ఏమీ కాని మోతాదే చెర్రీ రొయ్యల్ని చంపేస్తుంది. కొత్త మొక్కల్ని వారం రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టందే రొయ్యల ట్యాంకులో వెయ్యకు. మొక్కల ట్యాంకుల్ని చేపల ఫిల్టరు లైనుకి కలపకు కూడా. చేపలకి జబ్బు చేసినప్పుడు ఉప్పు వేస్తావు, రాగి కలిసిన మందు వేస్తావు. ఉప్పు ఎక్కువైతే మొక్కలు పోతాయి, రాగికి రొయ్యలు పోతాయి. మీ నాన్న ఒక్కసారి ఆ పని చేసి, తెల్లారేసరికి ట్యాంకు అడుగున ఎర్రగా పరుచుకున్న రొయ్యల్ని చూసి, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

కత్తిరించిన ముక్కలు, మిగిలిన తేలేమొక్కలు కాలువలో పారెయ్యకు. ఎండబెట్టి చెత్తలో వెయ్యి. హైడ్రిల్లా అనే నీటి కలుపు 1950ల్లో అమెరికాలోని ఫ్లోరిడాలో చేరింది అక్వేరియం వ్యాపారం ద్వారానే, ఇప్పటికీ అక్కడ దాంతో తంటాలు పడుతున్నారు. గుర్రపుడెక్క సంగతి నీకు చెప్పేదేముంది! ఏ మొక్కలు అమ్మకూడదో ప్రభుత్వం జాబితా ఇస్తే, ఆర్డరు పెట్టేముందే చూసుకో.

మొదటిసారికి ఆరేడు రకాలు చాలు, రకానికి నాలుగైదు. పెట్టె వచ్చే రోజు షాపులో నువ్వే ఉండాలి, పనివాళ్లకి వదిలెయ్యకు. ఎండలోనో చలిలోనో ఒక పూట ఎక్కువ ఉంటే చాలు, అంతా ఉడికినట్టో గడ్డకట్టినట్టో అయిపోతుంది.

నా పాత ట్యాంకులోంచి అనూబియాస్ నానా ముక్కలు మూడు పంపిస్తున్నాను. నువ్వు స్కూలుకెళ్లే రోజుల్లో చెక్కకి కట్టిన మొక్క అది, దారం ఎప్పుడో కుళ్లిపోయింది, వేర్లే పట్టుకుని ఉన్నాయి. ప్రతి ముక్కకీ నాలుగేసి ఆకులుంచాను. తడి కాగితంలో చుట్టి పెట్టాను, అందిన రోజే విప్పు. రెండు ట్యాంకుల్లోనూ తలా ఒకటి కట్టు. మూడోది అమ్మకు, కౌంటరు మీద చిన్న గిన్నెలో పెట్టుకో.

ఉంటాను,
అమ్మ