రేకుల షెడ్డే కదా అనుకోవద్దు

సంపాదకులకు నమస్కారం.

మాది హాలియా దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. డ్రిప్పు ఫిల్టరు, స్టార్టరు డబ్బా, మందు కొట్టే పంపు, ఎరువు బస్తాలు పెట్టుకోవడానికి బోరు పక్కన 12 అడుగులకు 15 అడుగుల రేకుల షెడ్డు వేసుకున్నాం. రెండేళ్లకే దాన్ని కూలగొట్టి మళ్లీ కట్టుకోవలసి వచ్చింది. మా లాగా ఇంకొకరు నష్టపోవద్దని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా దిక్కు చెల్కలే, అంటే ఎర్ర నేలలే ఎక్కువ. చెల్కలో కాస్త తవ్వితే చాలు, గడ్డపార ఖంగుమంటుంది. కానీ మా తోటలో ఒక పక్క నల్లరేగడి ఉంది. షెడ్డు సరిగ్గా రెండు మట్టులూ కలిసేచోట పడింది. తలుపు వైపు సగం రేగడి, వెనక సగం చెల్క. మేస్త్రీ వచ్చింది ఏప్రిల్‌లో. అప్పటికి రేగడి నెర్రెలు బారి ఉంది, ఒక నెర్రెలో నా చేయి మోచేతి దాకా దిగింది. అడుగున్నర తవ్వి, ఇసుక పోసి, బెడ్డు (కాంక్రీటు నేల) వేసి, గోడ లేపాడు. "రేకుల షెడ్డుకు ఇంతకన్నా ఏం గావాలె అక్కా" అన్నాడు. నేనూ సరేనన్నాను.

వానలు పడ్డాక రేగడి ఉబ్బింది. తలుపు వైపు గోడ పైకి లేచింది, వెనక గోడ కదల్లేదు. నడుమ పక్కగోడ ఇటుక ఇటుకకూ మెట్లలాగా పగిలింది. వానాకాలమంతా తలుపు బిగుసుకుపోయేది, ఎండాకాలం రాగానే దానంతట అదే వదులయ్యేది. బెడ్డు పగుళ్లలోంచి చెమ్మ ఎక్కి యూరియా బస్తాలు రాళ్లలా గడ్డకట్టాయి. రోజూ స్టార్టరు డబ్బా దగ్గరికి పోవాలంటే, గోడ ఎప్పుడు మీద పడుతుందోనని టెన్షన్.

మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో సివిల్ చదివాడు. వాడొచ్చి రెండు గాజు సీసాలు తెచ్చాడు. రేగడి మట్టిని బాగా ఎండబెట్టి, దంచి, సన్న జల్లెడ పట్టి రెండింటిలో సమానంగా పోశాడు. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్. ఇప్పుడు కిరోసిన్ దొరకడమే కష్టం, పక్కింటివాళ్లు దాచుకున్నది అడిగి తెచ్చాం. తెల్లారి చూస్తే కిరోసిన్ సీసాలో మట్టి రెండు వేళ్ల ఎత్తు, నీళ్ల సీసాలో మూడు వేళ్లు దాటింది. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు కాబట్టి తేడా అంతా నీళ్ల వల్ల ఉబ్బినదే. సగానికి మించి పెరిగితే అది బాగా ఉబ్బే నేలని వాడు చెప్పాడు. చెల్క మట్టితో చేస్తే రెండు సీసాల్లోనూ తేడా కనిపించలేదు.

అప్పుడే నాకు ఇంకో సంగతి తెలిసింది. కట్టడం తేలికదైతే పునాది ఎట్లున్నా నడుస్తుందని మనం అనుకుంటాం. రేగడిలో అది తప్పు. బరువైన ఇంటిని లేపడం కన్నా తేలిక షెడ్డును లేపడం ఆ మట్టికి సులువు. ఇసుక పోయడం ఇంకా పెద్ద తప్పు. చుట్టుపక్కల నీళ్లన్నీ ఆ ఇసుకలోకి దిగి అక్కడే నిలిచి, అడుగున రేగడిని నానబెడతాయి.

పది గజాలు అవతల మొత్తం చెల్కలోనే కడితే ఏ బాధా ఉండకపోను. కానీ బోరు, కరెంటు స్తంభం ఇక్కడే ఉన్నాయి. అందుకని షెడ్డు కింద, చుట్టూ మూడడుగుల మేర రేగడిని నాలుగడుగుల లోతు తీసేయించాం. కొంచెం జిగురున్న ఎర్ర మొరం తోలించి, అర అడుగు మందం పొరలుగా పోసి, ఒక్కో పొరకు నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టించాం. మూడు రోజులు పట్టింది. పునాది మీద నాలుగు పక్కలా గోడలను కట్టిపడేసేలా ఇనుప చువ్వలతో ప్లింత్ బీమ్ పోయించాం. బెడ్డును అడుగున్నర ఎత్తు లేపి, చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా కాంక్రీటు వేయించాం. గోడను ఆనుకొని ఉన్న నీళ్ల డ్రమ్మును, ఫిల్టరు కడిగిన నీళ్ల పైపును దూరం జరిపాం. వానాకాలం గడిచింది, తలుపు ఒక వేలుతో తోస్తే తెరుచుకుంటున్నది. మొదటిసారి ఇట్లాగే కట్టి ఉంటే పదిహేను వేలు ఎక్కువయ్యేది. ఇప్పుడు కూలగొట్టి కట్టడానికి డెబ్బై వేలు దాటింది.

2015లో భూసార పరీక్ష కార్డులు వచ్చాయి. అందులో నత్రజని, భాస్వరం, పొటాష్ మొదలుకొని 12 అంశాలుంటాయి. పంటకు అవి చాలా అవసరం. ఆ నేల గోడను నిలబెడుతుందా లేదా అన్నది మాత్రం వాటిలో ఉండదు. ఇప్పుడు ప్రతి రైతూ పశువులకో, మోటారుకో, సామానుకో షెడ్డు వేసుకుంటున్నాడు. మీ పత్రిక రైతుల పేజీలో దీని గురించి ఒక్కసారి వివరంగా రాయించండి. రైతు వేదికల్లో విత్తనాలు, మందుల సంగతులు చెబుతున్నట్టే ఒకరోజు ఇంజినీరును, ఊళ్లోని మేస్త్రీలను పిలిచి ఈ పరీక్ష చేసి చూపించమని అధికారులను కోరుతున్నాను. రెండు సీసాలూ మా ఇంట్లోనే ఉన్నాయి, నేనే తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక బత్తాయి రైతు,
అనుముల మండలం, నల్గొండ జిల్లా.