కింది ఇంటి పైకప్పు ఆరింది: సాయపడిన అందరికీ కృతజ్ఞతలు

మా బాత్రూంలో షవరు కింద నేల బాగుపడింది. అంతకన్నా ముఖ్యమైన కబురు, కింది ఫ్లాట్ పిన్నిగారి బాత్రూం పైకప్పు పూర్తిగా ఆరి, దానికి రంగు కూడా పడింది. డబ్బు పెట్టినంత మాత్రాన అయ్యే పని కాదిది. పేర్లు రాయవద్దని సాయపడినవాళ్లే అన్నారు కాబట్టి వరసలతోనే చెప్పుకుంటాను.

మొదటి నమస్కారం పిన్నిగారికి. నెత్తిన నీటి చుక్కలు పడుతుంటే పైకి వచ్చి తగవు పెట్టుకోవడానికి ఆవిడకు పూర్తి హక్కుంది. అలాంటిది, "మీ నీళ్లు మా ఇంటికి దిగుతున్నాయమ్మా, ఒకసారి చూపించండి" అని నెమ్మదిగా చెప్పి వెళ్లారు. ఆ తర్వాత చుక్క ఎప్పుడు పడింది, ఎప్పుడు తగ్గింది అన్నది గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో రాస్తూ వచ్చారు. మా బాత్రూం జబ్బు తేల్చింది చాలావరకు ఆ రాతలే.

తర్వాత మూడో అంతస్తు బాబాయిగారు. రోడ్లు భవనాల శాఖలో ఇంజినీరుగా చేసి విరమించారు. టైల్స్ పగలగొట్టకుండా పైన ఏదో మందు పూసి పదేళ్ల గ్యారంటీ ఇస్తామని ఒకాయన వచ్చినప్పుడు బాబాయిగారు ఆయన్ను ఒకటే అడిగారు: "నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో చూశారా?" "ఎక్కడి నుంచి దిగినా ఆగిపోతాయండి" అన్నాడాయన. ఆయనకు టీ ఇచ్చి పంపించేశాం.

నీళ్లు దిగడానికి మూడే దారులన్నారు బాబాయిగారు: కుళాయికి నీళ్లు తెచ్చే పైపు, నీళ్లు బయటికి పోయే ట్రాపు, లేదంటే నేల. నీళ్లు తెచ్చే పైపులో ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది, దానికి చిల్లు పడితే మనం వాడినా వాడకపోయినా అది కారుతూనే ఉంటుంది. అందుకని కొన్నాళ్లు ఆ బాత్రూం వాడకం మానేశాం. చుక్కలు పలచబడి ఆగిపోయాయని పిన్నిగారి క్యాలెండరు చెప్పింది. పైపు తప్పు లేదు. తర్వాత నేల తడవకుండా, గొట్టాన్ని ట్రాపులోకి దింపి నీళ్లు వదిలాం. కింద ఏమీ పడలేదు. ఆఖరున ట్రాపుకు గుడ్డ బిగించి నేలమీద నీళ్లు నిలబెట్టాం. తెల్లారేసరికి పిన్నిగారి నుంచి ఫోను. దోషం నేలదే. ఈ పరీక్షలకు పైసా ఖర్చు కాలేదు, కానీ ఇవి చేయకపోతే మంచి పైపుల కోసం గోడలన్నీ తవ్వించుకునేవాళ్లం.

టైల్స్ వేస్తే నీళ్లు దిగవని చాలామంది అనుకుంటారు. టైలు మధ్య అతుకుల్లో నింపే సిమెంటు నీటిని పీల్చుకుంటుంది. దానికి తోడు మరకలు పోవాలని పోసే యాసిడ్ ఆ సిమెంటును తినేస్తుంది. నీటిని ఆపాల్సింది టైలు కింద ఉండే వాటర్‌ప్రూఫింగ్ పూత. మాలాంటి అపార్టుమెంట్లలో బాత్రూం దగ్గర స్లాబును దించి పోసి, పైపులు వేసి, ఆ లోతును ఇటుక ముక్కలతో, రద్దుతో, అంటే కట్టడాల్లో మిగిలిన పెంకూ చెత్తతో నింపుతారు. పూత పాడైతే ఆ లోతంతా నీళ్లు నిలిచే తొట్టి అవుతుంది. అక్కడ ఊరిన నీరు కాంక్రీటులోని సున్నాన్ని కరిగించుకుని కిందికి దిగి, గాలి తగిలి తెల్లగా పేరుకుంటుంది. పిన్నిగారి పైకప్పు మీది తెల్లటి చారలు అవే.

ఇక మేస్త్రీగారు. ఈయన గురించి కాస్త ఎక్కువే రాయాలి. రద్దు తీయించాక స్లాబులో ఒకచోట కాంక్రీటు పెచ్చులూడి చువ్వ తుప్పుపట్టి కనిపించింది. విశాఖ ఉప్పుగాలికి తడి కూడా తోడైతే ఇనుము నిలవదు కదా. మేమెవరమూ దగ్గర లేము, కప్పేసి ఉంటే మాకు తెలిసేది కాదు. పని ఆపి, బాబాయిగారిని పిలిపించి చూపించి, ఇనుప బ్రష్షుతో తుప్పు గీకి, చువ్వకు మందు పూసి, ఆ గుంటను పాలిమర్ కలిపిన సిమెంటుతో పూడ్చాకే ముందుకు కదిలారు. నేలా గోడా కలిసే మూలలను గుండ్రంగా మలిచారు, పదునైన మూలలో పూత పగులుతుందట. ట్రాపు మెడ చుట్టూ గ్రౌటు, అంటే ఆరాక కుంచించుకుపోని సిమెంటు ముద్ద నింపారు. పూత రెండుసార్లు వేశారు, రెండోది మొదటిదానికి అడ్డంగా. గోడలమీద అడుగు ఎత్తు వరకు, షవరు ఉన్న గోడకు మాత్రం తల దాటేదాకా పూశారు.

పూత ఆరాక 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూడకుండా టైలు ముట్టుకోనని పట్టుబట్టింది కూడా ఆయనే. రోజుకూలీ మీద బతికే మనిషికి అది కూలి పోగొట్టుకోవడమే. ఆ రోజులకు కూడా లెక్క కట్టి ఇవ్వబోతే, చేయని పనికి వద్దన్నారు. చివరికి పిల్లల పేరు చెప్పి ఇవ్వాల్సి వచ్చింది. ఇప్పుడు ట్రాపు వైపు అడుగుకు పావు అంగుళం వాలు ఉంది, స్నానం అయిన కాసేపటికే నేలమీద నీళ్లు ఉండటం లేదు.

నాలుగో అంతస్తు నుంచి రద్దు బస్తాలన్నీ మెట్లమీదుగా దింపి, రోజూ సాయంత్రం ఆ మెట్లు ఊడ్చి మరీ వెళ్లిన అక్కకు, పొద్దున్నే స్కూలు వేళకు మా పిల్లలకు తమ బాత్రూం వదిలేసిన ఎదురింటి వదినకు, పార్కింగులో ఇసుక పోసుకుంటే ఒక్క మాట అనని అసోసియేషన్ వారికి కూడా కృతజ్ఞతలు.

మేస్త్రీగారి నంబరు కావలసినవాళ్లు నన్ను అడగండి, ఆయన్ను అడిగే ఇస్తాను. సంక్రాంతికి ఊరు వెళ్తున్నారు, కొత్త పని ఏదైనా పండుగ తర్వాతే ఒప్పుకుంటానన్నారు. ఈలోగా మీ కింది ఇంటివాళ్లకు ఒక పెన్సిలు ఇచ్చి ఉంచండి.