మీటరు మార్చాలంటే ముందు మమ్మల్ని అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది తెనాలి. ఇళ్లకు పెడుతున్న ప్రీపెయిడ్ స్మార్ట్ కరెంటు మీటర్ల గురించి రాస్తున్నాను. అంటే రీడింగు తనంతట తనే పంపేవి, ముందే డబ్బు వేసుకుంటేనే కరెంటు ఇచ్చేవి. పోయిన నెల ఒక మంగళవారం పదకొండు గంటలప్పుడు మా గేటు ముందు ఆటో ఆగింది. ఇద్దరు కుర్రాళ్లు దిగారు. ఒకరి చేతిలో అట్టపెట్టె, ఇంకొకరి చేతిలో స్క్రూడ్రైవరు, కటింగ్ ప్లయరు. "మేడమ్, మీటరు మారుస్తున్నాం, పది నిమిషాలు కరెంటు ఆపుతాం" అంటూనే వరండాలోకి వచ్చేశారు. లోపల మా వారికి ఆక్సిజన్ మెషిన్ నడుస్తోంది. ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు. రాత్రంతా, పగలు మరో రెండు మూడు గంటలు ఆ మెషిన్ ఉండాల్సిందే. నేను తడిచేతులతోనే పరుగెత్తి మెయిన్ స్విచ్చికి అడ్డంగా నిలబడ్డాను.

"ఎవరు పంపారు నాయనా, కాగితం ఏదైనా ఉందా?" అని అడిగాను. లేదన్నారు. ఐడీ కార్డు అడిగితే బండిలో ఉందన్నారు. వాళ్లు వచ్చింది ఆటోలో! "గవర్నమెంటు ఆర్డరు, అందరికీ పెట్టాల్సిందే, వద్దంటే మీ కరెంటే కట్ అవుతుంది" అన్నాడు పెద్దవాడు. రాసి ఇమ్మన్నాను. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఫోనులో ఏదో నొక్కుకుని, పక్కింటికి వెళ్లారు. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. మీటరుకు ఇంత అని కూలి ఇస్తే పని చేసుకునేవాళ్లు. వాళ్ల చేతికి ఒక కాగితమైనా ఇవ్వకుండా పంపినవాళ్ల గురించే ఈ ఉత్తరం.

పక్కింట్లో ఎనభై ఏళ్ల పెద్దావిడ ఒక్కరే ఉంటారు. ఆవిడ అడ్డు చెప్పలేదు, మీటరు మారిపోయింది. సాయంత్రం నేను వెళ్లి "పాత మీటరు రీడింగు ఎంత దగ్గర ఆగింది పిన్నిగారూ, ఎక్కడైనా రాసిచ్చారా?" అని అడిగితే, "రీడింగేమిటమ్మా, మీటరు సంచీలో వేసుకుని వెళ్లిపోయారు" అన్నారు. రేపు పాత బాకీ ఇంత ఉందని బిల్లు వస్తే ఆవిడ ఏం చూపించి మాట్లాడాలి? చదివేవాళ్లకు ఒక మాట చెబుతాను. మీ ఇంట్లో ఏ మీటరు మార్చినా సరే, తీసేముందు పాత మీటరు నంబరు, రీడింగు రెండూ కనిపించేలా ఫోటో తీసుకోండి. కొత్తదానికీ అలాగే తీయండి. మార్చినవాళ్ల చేత ఒక కాగితం మీద ఆ రెండు అంకెలు రాయించి సంతకం పెట్టించుకోండి.

స్మార్ట్ మీటరంటేనే గిట్టని మనిషిని కాదు నేను. దాన్నుంచి రేడియేషన్ వస్తుందని మా వీధిలో కొందరు భయపడుతున్నారు, నాకు ఆ భయం లేదు. అది పంపే సిగ్నలు మనం చెవి దగ్గర పెట్టుకునే ఫోను లాంటిదే. గిరగిరా తిరిగి బిల్లు పెంచేస్తుందన్న మాట కూడా గుడ్డిగా నమ్మను. ఎందుకంటే మాకు ఒక అనుభవం ఉంది. పదిహేనేళ్ల కిందట మా చక్రం మీటరు తీసి ఎలక్ట్రానిక్ మీటరు పెట్టారు. ఆ నెల నుంచే బిల్లు ఒకటిన్నర రెట్లయింది. కొత్త మీటరే దొంగదని మా వారు రెండు నెలలు గొడవ చేశారు. చివరికి ఒక పెద్ద లైన్‌మన్ గారు వచ్చి, మీటరు నుంచి ఇంట్లోకి పోయే ఫేజు వైరుకు, న్యూట్రల్ వైరుకు విడివిడిగా టాంగ్ టెస్టరు (వైరులో పోయే కరెంటును కొలిచే పరికరం) తగిలించి చూశారు. రెండింటిలో ఒకే కరెంటు ఉండాలట. మా న్యూట్రల్‌లో ఎక్కువ చూపించింది. పైపోర్షన్ న్యూట్రల్ వైరు ఎప్పుడో రిపేరులో మా బోర్డులోకి కలిసిపోయింది. చక్రం మీటరు దాన్ని పట్టుకోలేదు, కొత్త మీటరు మాత్రం రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్నే లెక్కేస్తుంది. అంటే పైవాళ్లు వాడినదానికి వాళ్లూ కట్టారు, మేమూ కట్టాం. ఆయన ఒక్క వైరు విప్పి వేరే చోట బిగించారు, మర్నెల నుంచి బిల్లు మామూలైంది. తప్పు వైరింగుదని తెలిసింది ఆ మనిషి వచ్చి చేత్తో చూశాడు కాబట్టి. రేపు రీడింగు తీసే మనిషి కూడా ఇంటికి రాని రోజున ఇలాంటివి ఎవరికి చెప్పుకోవాలి?

మా మీటరును నేను నమ్మడానికి ఇంకో కారణం కూడా ఉంది. దాని మీద 3200 అనే అంకె ఉంటుంది. ఎర్ర లైటు 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అయినట్టు. ఒకరోజు ఇంట్లో అన్నీ కట్టేసి, వెయ్యి వాట్ల వాటర్ హీటర్ రాడ్డు ఒక్కటే బకెట్లో పెట్టి, మా వారు గడియారం పట్టుకుంటే నేను మిణుకులు లెక్కపెట్టాను. లెక్క ప్రకారం నిమిషానికి 53 రావాలి, 51 వచ్చాయి. వోల్టేజీ కాస్త తగ్గినా అంత తేడా ఉంటుంది. కొత్త మీటరుకూ ఇలాంటి లైటే ఉంటుంది, అదీ ఇలాగే చూసుకోవచ్చు. కాబట్టి నా అభ్యంతరం మిషను మీద కాదు. ప్రీపెయిడ్ మీద, అడగకుండా పెట్టడం మీద.

మా ఇంటి లెక్క చెబుతాను. ఆక్సిజన్ మెషిన్ 350 వాట్లు లాగుతుంది. ఫ్రిజ్జు, ఫ్యాన్లు, మోటారు అన్నీ కలిపి నెలకు 190 యూనిట్ల దాకా అవుతాయి. మన స్లాబుల్లో మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయల చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, ఆ పైన 225 దాకా 6 రూపాయలు. వాడకం చార్జీలే 807 రూపాయలు. దాని మీద ఫిక్స్‌డ్ చార్జీ, డ్యూటీ, పాత ఖర్చుల సర్దుబాటుకని వేసే ట్రూ అప్ వేరే. ఇప్పుడు రీడింగు అబ్బాయి నెల మొదట్లో వచ్చి చీటీ చించి ఇస్తాడు. కట్టడానికి రెండు వారాలు గడువుంటుంది. మా వారి పెన్షన్ పడ్డాక, మందులు కొన్నాక, పాలవాడికి ఇచ్చాక, మిగిలిన గడువులో కరెంటు బిల్లు కడతాను. ఆ రెండు వారాల మీదే మా లాంటి ఇళ్లలో నెల గడుస్తుంది.

ప్రీపెయిడ్‌లో ఆ గడువు పోతుంది. పైగా రోజూ బ్యాలెన్సులోంచి కోసుకునేటప్పుడు ఈ స్లాబుల ప్రకారమే కోస్తే, నెల మొదట్లో మా ఇంటికి రోజుకు 12 రూపాయలు పోతాయి, ఇరవయ్యో తారీఖు దాటాక రోజుకు 38 రూపాయలు. అంటే చేతిలో డబ్బు అడుగంటే రోజుల్లోనే బ్యాలెన్సు మూడింతల వేగంతో కరిగిపోతుంది. ఇలాగే కోస్తారా, సగటు లెక్క వేస్తారా అని కరెంటు ఆఫీసులో అడిగితే "సాఫ్ట్‌వేరే చూసుకుంటుందండీ" అన్నారు. అది జవాబు కాదు కదా.

బ్యాలెన్సు అయిపోతోందని మెసేజ్ వస్తుందట. ఎవరికి వస్తుంది? మా సర్వీసు ఇప్పటికీ కాలం చేసిన మా అత్తగారి పేరు మీదే ఉంది. దానికి ఎక్కించిన ఫోన్ నంబరు బెంగళూరులో ఉన్న మా అబ్బాయిది. వాడికి వారంలో నాలుగు రోజులు నైట్ డ్యూటీ. పని చేసేచోట ఫోను లోపలికి పట్టుకెళ్లనివ్వరు. రాత్రి రెండింటికి బ్యాలెన్సు సున్నా అయి ఎక్కడో సర్వర్ నుంచి మా కరెంటు ఆపేస్తే, ఇన్వర్టర్ మీద ఆ మెషిన్ రెండు మూడు గంటలకు మించి నడవదు. ఆ తర్వాత మూలనున్న చిన్న సిలిండరే గతి. ఇది తలుచుకుంటే నాకు నిజంగా నిద్ర పట్టడం లేదు. ఇలాంటి మెషిన్లు నడిచే ఇళ్లు, డయాలసిస్ చేయించుకుని ఇంటికొచ్చి పడుకునేవాళ్లున్న ఇళ్లు, బాలింతలున్న ఇళ్లు ప్రతి వీధిలో ఉంటాయి. వాటి జాబితా మీ దగ్గర ఉందా అని ఆ ఆఫీసులోనే అడిగాను. లేదన్నారు.

మా పైపోర్షన్‌లో అద్దెకుండే అబ్బాయి కోర్టులో జూనియర్ లాయరు. 2003 నాటి విద్యుత్ చట్టం ప్రింటు తీసి తెస్తే ఇద్దరం కూర్చుని చదివాం. 56వ సెక్షన్ ప్రకారం బిల్లు కట్టనివాళ్లకైనా సరే, కరెంటు తీసేముందు తక్కువలో తక్కువ 15 రోజుల రాతపూర్వకమైన నోటీసు ఇవ్వాలి. ఇరవై ఏళ్లకు పైగా ఉన్న రక్షణ ఇది. ఒక మెసేజితో అది చెల్లిపోతుందా? అదే చట్టం 47వ సెక్షన్‌లో, ప్రీపేమెంటు మీటరు ద్వారా కరెంటు తీసుకోవడానికి వినియోగదారు సిద్ధపడితే అతని దగ్గర సెక్యూరిటీ డిపాజిట్ అడగకూడదని ఉంది. "సిద్ధపడితే" అన్నారు. నేను ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని. సిద్ధపడటం అన్నచోట సిద్ధపడకపోవడం కూడా ఉంటుంది.

అవతలి పక్క కూడా చెప్పాలి. 2020 డిసెంబరులో కేంద్రం ఇచ్చిన వినియోగదారుల హక్కుల నియమాలు కొత్త కనెక్షన్లకు ప్రీపేమెంటు మీటరే ఉండాలన్నాయి. మినహాయింపు కావాలంటే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఒప్పుకోవాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2022లో సవరించిన నిబంధనలు పాత కనెక్షన్లకూ అదే దారి చూపాయి. అంటే చట్టం ఒక మాట, దాని కింద రాసుకున్న రూల్సు ఇంకో మాట అంటున్నాయి. తేల్చాల్సింది అట్టపెట్టె పట్టుకొచ్చిన కుర్రాడు కాదు, నియంత్రణ మండలి. మినహాయింపు ఇచ్చే అధికారం ఆ మండలికే ఉంది కాబట్టి బహిరంగ విచారణ పెట్టి మా మాట వినమని అడుగుతున్నాను.

ఆ నియమాల్లోనే మనకు పనికొచ్చే సంగతులు రెండున్నాయి, ఎవరూ చెప్పడం లేదు. 2023 సవరణ ప్రకారం, స్మార్ట్ మీటరు పెట్టాక లోడు (ఒకేసారి లాగే కరెంటు) ఎక్కువ చూపించిందని అంతకుముందు కాలానికి జరిమానా వేయకూడదు. 2024 సవరణ ప్రకారం, రీడింగు మా వాడకానికి తగ్గట్టు లేదని ఫిర్యాదు చేస్తే, ఐదు రోజుల్లో ఇంకో మీటరు పక్కన పెట్టి కనీసం మూడు నెలలు సరిచూడాలి. ఈ రెండు ముక్కలూ తెలుగులో అచ్చేసి ప్రతి ఇంటికీ ఇవ్వడానికి ఎంతవుతుంది?

మీటరు ఉచితం అంటున్నారు. కేంద్ర పథకంలో మన రాష్ట్రం లాంటి చోట్ల ఒక్కో ప్రీపెయిడ్ మీటరుకు ఇచ్చేది ఖర్చులో 15 శాతం, అదీ 900 రూపాయలకు మించదు. మిగిలిన డబ్బు మీటర్లు పెట్టే కాంట్రాక్టరుకు పంపిణీ సంస్థ ఏళ్ల తరబడి నెలనెలా కడుతుంది. పంపిణీ సంస్థకు డబ్బు వచ్చేది మా బిల్లుల్లోంచే. ఉచితం అన్న మాట వాడకండి.

మిగతా రాష్ట్రాల్లో జనం అడిగితే ప్రభుత్వాలు విన్నాయి. 2024 మే నెలలో వడోదరలో ఆందోళనలు జరిగాక, గుజరాత్ ప్రభుత్వం స్మార్ట్ మీటరు పక్కన పాత మీటరు కూడా ఉంచి సరిచూసుకోనిస్తామంది. ఆ జూన్‌లోనే మహారాష్ట్రలో అప్పటి ఉపముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ మామూలు వినియోగదారులకు స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లు పెట్టబోమన్నారు. పశ్చిమ బెంగాల్ 2025 జూన్‌లో ఇళ్లకు పెట్టడం ఆపింది. మన దగ్గర కూడా ఇంధన శాఖ మంత్రి గొట్టిపాటి రవికుమార్ గారు 2025లో, వినియోగదారుల అనుమతి లేకుండా పెట్టవద్దని చెప్పారు. ఆ మాట నాకు చాలా ధైర్యమిచ్చింది. కానీ అది మా గేటు దాకా రాలేదు. అనుమతి అంటే తెలుగులో ఒక పత్రం ఉండాలి. అందులో పోస్టుపెయిడా, ప్రీపెయిడా అని రెండు గళ్లు ఉండాలి. మేం టిక్కు పెట్టి సంతకం చేయాలి. వద్దన్నవాళ్ల కరెంటు తీయబోమని అందులోనే రాసి ఉండాలి. పెట్టించుకున్నవాళ్లకైనా రాత్రిపూట, సెలవు రోజుల్లో కరెంటు ఆగకూడదు. రోగులున్న ఇళ్లకు ఏ పూటా ఆగకూడదు. అరగంటకో పావుగంటకో నమోదయ్యే మా వాడకం లెక్క చూస్తే మేం ఎప్పుడు పడుకుంటున్నామో, సంక్రాంతికి ఎన్ని రోజులు ఇంటికి తాళం వేశామో తెలిసిపోతుంది. ఆ లెక్క ఎవరెవరు చూస్తారో కూడా ఆ పత్రంలో రాయాలి.

ఇవన్నీ రాసి పదిహేను రోజుల కిందట ఆఫీసులో అర్జీ ఇచ్చాను. మొదటిసారి వెళ్తే తీసుకునే మనిషి లేడు, రెండోసారి తీసుకుని జిరాక్సు కాపీ మీద ముద్ర వేసిచ్చారు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, మా ఇంట్లో ఆక్సిజన్ మెషిన్ ఉందని పెద్దక్షరాలతో ఇంకో కాగితం మీద రాసి, రెండూ మీటరు పక్కన గోడకు అంటించాను. నెలాఖరు దాకా చూసి, అప్పటికీ జవాబు రాకపోతే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు వెళ్తాను. పక్కింటి పిన్నిగారి చేత కూడా పాత రీడింగు కోసం ఒక అర్జీ రాయించాను. ఆవిడ వేలిముద్ర వేస్తానన్నారు కానీ, నేను పట్టుబట్టి సంతకం పెట్టించాను. జవాబు ఏదొచ్చినా మీకు మళ్లీ రాస్తాను.

ఒక గృహిణి, తెనాలి
(పేరు ప్రచురించవద్దని మనవి)