లెక్కలోకి రాని పొరుగువాళ్లు
అమెరికాలో హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ల) జనాభా పెరిగినంత వేగంగా వాళ్లకు అందాల్సిన సేవలు పెరగడం లేదు. 2010లో 5.05 కోట్లున్న వీళ్లు 2020 జనగణన నాటికి 6.21 కోట్లయ్యారు. మా టెక్సస్‌లో ఇప్పుడు వాళ్లదే అతి పెద్ద వర్గం. ఆ జనగణన లెక్కా తక్కువే. 2020లో నికరంగా దాదాపు 5 శాతం మంది హిస్పానిక్‌లు లెక్కలోకి రాలేదని ఆ తర్వాతి సర్వేలో జనగణన శాఖే తేల్చింది. నిధుల పంపకానికి ఆ అంకెలే ఆధారం కాబట్టి నష్టపోయేది వాళ్ల పేటలే. మా ఇర్వింగ్‌లో తెలుగువాళ్ల పిల్లలు, హిస్పానిక్‌ల పిల్లలు ఒకే బడుల్లో చదువుతున్నారు. మొన్న ఒక క్లినిక్‌లో పదేళ్ల పాప, తల్లికి షుగరు ముదిరిందని డాక్టరు చెప్పిన మాటను స్పానిష్‌లో చెప్పబోయి మధ్యలోనే ఏడ్చేసింది. ఆ బరువు పసిపిల్ల మీద పెట్టడం అన్యాయం. స్పానిష్ మాట్లాడే రోగులు ఎక్కువగా వచ్చే ప్రతి క్లినిక్‌లో జీతమిచ్చి దుబాసీని పెట్టాలి. 2030 జనగణనకు ఆ పేటల్లోనే ఉండే స్పానిష్ వచ్చినవాళ్లను ఎన్యూమరేటర్లుగా (ఇంటింటికీ వెళ్లి లెక్క రాసేవాళ్లుగా) తీసుకోవాలి. ఇక్కడి తెలుగు సంఘాలు కూడా ఈ విషయమై నగర కౌన్సిల్‌ను హిస్పానిక్‌లతో కలిసి అడగాలి.
– ఒక పాఠకుడు, ఇర్వింగ్, టెక్సస్