రెండో ఉద్యోగం పీఎఫ్ ఏమైంది? ఐదేళ్ల గడువుపై ఒక విన్నపం

సంపాదకులకు నమస్కారం.

యాభై ఎనిమిదేళ్లు నిండి, పింఛను కోసం ఫారం 10డి నింపడానికి కూర్చున్న రోజున, నేను చేసిన మూడు ఉద్యోగాల్లో రెండోది ఉద్యోగుల భవిష్య నిధి రికార్డుల్లో ఎక్కడా లేదని నాకు తెలిసింది. ఆ ఉద్యోగంలో ఉన్న నాలుగేళ్ల పదకొండు నెలలూ ప్రతి జీతంలోనూ నా వాటా కోసుకున్నారు. ఆ డబ్బు కోసం నేను తిరిగిన తిరుగుడు నాలాంటి ఎందరికో ఎదురయ్యేదే కాబట్టి, దానికి తోడు కొత్త చట్టంలోని ఒక గడువు నిబంధన ఇలాంటి వారి దారి మూసివేసేలా ఉంది కాబట్టి, మీ పత్రిక ద్వారా ఈ విషయాన్ని పాఠకుల ముందు, సంబంధిత అధికారుల ముందు ఉంచుతున్నాను.

1998 ఆగస్టు నుంచి 2002 జూలై వరకు నేను జీడిమెట్లలోని ఒక మందుల కర్మాగారంలో ప్యాకింగ్ విభాగంలో పని చేశాను. పిల్లలు చిన్నవాళ్లు కావడంతో రెండేళ్లు ఇంటిపట్టున ఉండి, 2004 జూన్‌లో బాలానగర్ ప్రాంతంలోని ఒక అట్టపెట్టెల కర్మాగారంలో చేరి 2009 ఏప్రిల్ వరకు అక్కడే ఉన్నాను. మళ్లీ కొన్నేళ్ల విరామం తరువాత, 2014 సెప్టెంబరు నుంచి 2017 అక్టోబరు వరకు ఒక ఆస్పత్రి స్టోర్‌లో పని చేశాను. ఉద్యోగం మారినా మారని పన్నెండు అంకెల సభ్యత్వ సంఖ్య, యూఏఎన్, నాకు వచ్చింది ఈ మూడో ఉద్యోగంలోనే. అంతకు ముందు ఏ సంస్థలో చేరితే ఆ సంస్థ కోడ్‌తో ఒక కొత్త పీఎఫ్ నంబరు వచ్చేది. మొదటి ఉద్యోగం నిల్వను ఫారం 13 పెట్టి మార్పించుకున్నాను. రెండోది కూడా దానంతట అదే కలిసి ఉంటుందని నమ్మాను. అలా నమ్మడం నా పొరపాటే.

పింఛను లెక్క తెలియనివారి కోసం కొంచెం వివరంగా చెప్పాలి. ఉద్యోగి మూల వేతనం, కరువు భత్యం మీద 12 శాతం కోస్తారు; యాజమాన్యం మరో 12 శాతం తన వాటాగా కలపాలి. యాజమాన్యం వాటాలో 8.33 శాతం, 1995 నవంబరు 16 నుంచి అమలులో ఉన్న ఉద్యోగుల పింఛను పథకానికి వెళ్తుంది, మిగిలిన 3.67 శాతం మన భవిష్య నిధి ఖాతాలో పడుతుంది. నెలనెలా పింఛను రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. నా మొదటి, మూడో ఉద్యోగాలు కలిపితే ఏడేళ్ల రెండు నెలలు మాత్రమే వస్తుంది. రెండోది కూడా చేరితే పన్నెండేళ్లు దాటుతుంది. పోయింది కొన్ని వేల రూపాయల నిల్వే అయితే బహుశా నేను ఇంత దూరం వచ్చేదాన్ని కాను. ఆ నాలుగేళ్ల పదకొండు నెలలు లెక్కలో లేకపోవడం వల్ల బతికినంత కాలం రావలసిన పింఛనుకే నాకు అర్హత లేకుండా పోతోంది.

అదృష్టవశాత్తు నా దగ్గర ఆనాటి జీతం చీటీలు ముప్పై ఒకటి మిగిలి ఉన్నాయి. 2004 నాటి చీటీలో మూల వేతనం 3,800 రూపాయలు, పీఎఫ్ కోత 456 రూపాయలు అని స్పష్టంగా ఉంది. మూలన సంస్థ కోడ్‌తో సహా నా పీఎఫ్ నంబరు అచ్చయి ఉంది. ఆ కోడ్‌తో భవిష్య నిధి సంస్థ వెబ్‌సైటులో వెతికితే సంస్థ పేరు, చిరునామా దొరికాయి. ఏ సంస్థ ఏ నెలకు ఎంత కట్టిందో, ఎంతమందికి కట్టిందో అక్కడ ఎవరైనా చూడవచ్చు. కానీ ఆన్‌లైన్ చలానాల పద్ధతి వచ్చింది 2012లో. నా కాలం నాటి లెక్కలన్నీ కాగితాల మీదే ఉండిపోయాయి.

అప్పుడు పది రూపాయల రుసుముతో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. నా పీఎఫ్ ఏమైందని అడిగితే ఖాతా లేదన్న జవాబు వస్తుందని అనుభవజ్ఞుడైన ఒక పెద్దమనిషి ముందే హెచ్చరించారు. ఆయన సలహా ప్రకారం, ఫలానా కోడ్ ఉన్న సంస్థ 2004-05 నుంచి 2009-10 వరకు దాఖలు చేసిన ఫారం 3ఎ, ఫారం 6ఎ ప్రతులు కావాలని అడిగాను. ఫారం 3ఎ అంటే ఒక్కో ఉద్యోగికి నెలవారీగా కట్టిన చందాల కార్డు. ఫారం 6ఎ అంటే సంస్థలోని అందరి వార్షిక లెక్క. ఈ రెండు పేర్లు తెలిసి ఉండటమే ఈ వెతుకులాటలో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది.

వచ్చిన ప్రతులను బట్టి రెండు సంగతులు బయటపడ్డాయి. 2004 జూన్ నుంచి 2006 మార్చి వరకు నా డబ్బు నిజంగానే జమ అయింది, అయితే నాది కాని పేరు మీద. నా ఇంటిపేరును పొడి అక్షరంగా కాక పూర్తిగా, అదీ పేరు తరువాత రాశారు, నా పేరును ఇంగ్లిషులో ‘ఎక్స్’ అక్షరంతో రాశారు, ఆధార్‌లో అది ‘కెఎస్‌హెచ్’తో ఉంది, తండ్రి పేరు ఉండవలసిన చోట భర్త పేరు ఉంది. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటున్న మన తెలుగువారిలో, అందులోనూ పెళ్లితో ఇంటిపేరు మారిన ఆడవారిలో, ఇది ఎన్ని ఖాతాలను ఇలా ఎవరివీ కాకుండా వదిలేసిందో ఆలోచించాలి. కాబట్టి పాత ఖాతా వెతికేవారు తమ పేరు రాయడానికి వీలున్న ప్రతి పద్ధతినీ దరఖాస్తులో పేర్కొనడం మంచిది. సంస్థ మూతపడినందున, పేరు దిద్దుబాటుకు ఉద్యోగి, యజమాని కలిసి ఇచ్చే ఉమ్మడి డిక్లరేషన్‌పై యజమాని సంతకానికి బదులు గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ తీసుకుని ఇచ్చాను. ఆ ఇరవై రెండు నెలలు ఇప్పుడు నా సర్వీసులో చేరాయి.

రెండో సంగతి ఇంతకంటే బాధాకరమైనది. 2006 ఏప్రిల్ నుంచి 2009 ఏప్రిల్ వరకు, అంటే ముప్పై ఏడు నెలల పాటు, ఆ సంస్థ ఎవరి పేరు మీదా పైసా కట్టలేదు. మా జీతాల్లో మాత్రం కోత ఒక్క నెల కూడా ఆగలేదు. చట్టం ప్రకారం ఒక నెల చందాను మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. కోసుకున్న వాటాను కట్టకపోవడం నమ్మకద్రోహమని ఇండియన్ పీనల్ కోడ్ 405వ సెక్షన్ వివరణలోనే ఉండేది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్‌లో ఉంది. ఇప్పుడు నా సర్వీసు సరిగ్గా తొమ్మిదేళ్లు. పదేళ్లకు నన్ను దూరం చేస్తున్నది ఈ కట్టని ముప్పై ఏడు నెలలే.

1952 నాటి భవిష్య నిధి చట్టం ఇలాంటి సందర్భంలో కార్మికుడిని గాలికి వదిలేయలేదు. యాజమాన్యం బకాయి ఎంతో తేల్చడానికి 7ఎ సెక్షన్ కింద విచారణ జరిపే అధికారికి సాక్షులను పిలిపించడానికి, దస్తావేజులు తెప్పించడానికి సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. బకాయిపై 7క్యూ సెక్షన్ కింద ఏడాదికి 12 శాతం వడ్డీ, 14బి కింద అదనపు నష్టపరిహారం వసూలు చేయవచ్చు. సంస్థను మరొకరికి అప్పగించి ఉంటే 17బి సెక్షన్ ప్రకారం అమ్మినవారు, కొన్నవారు ఇద్దరూ బాధ్యులే. కాంట్రాక్టరు కింద పని చేసినవారి విషయంలో చందా కట్టే బాధ్యత అసలు యజమానిదే. పారిశుధ్య కార్మికులు, సెక్యూరిటీ గార్డులు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. వీటన్నిటికీ మించి, ఆ పాత చట్టంలో 7ఎ విచారణ మొదలుపెట్టడానికి కాలపరిమితి ఏదీ లేదు. 2024లో నేను ఫిర్యాదు ఇచ్చినప్పుడు అది పదిహేనేళ్ల పాతదని తోసిపుచ్చకుండా విచారణకు తీసుకున్నారంటే కారణం అదే.

ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్, 2020 ఈ పరిస్థితిని మార్చింది. దాని 125వ సెక్షన్ ప్రకారం, బకాయి పడినట్టు చెబుతున్న తేదీ నుంచి ఐదేళ్లు దాటాక అలాంటి విచారణ మొదలుపెట్టడానికి వీలులేదు. విచారణలు ఏళ్ల తరబడి సాగకూడదని, యాజమాన్యాలను ఎప్పటివో పాత లెక్కలతో వేధించకూడదని చెప్పే వాదనలో న్యాయం లేదని నేను అనను. విచారణ మొదలయ్యాక రెండేళ్లలో ముగించాలని అదే కోడ్ చెప్పడం మంచిదే. కానీ మొదలుపెట్టడానికి పెట్టిన ఐదేళ్ల లెక్క డబ్బు ఎగ్గొట్టిన రోజు నుంచి నడవడం వల్ల, ఎంత గుట్టుగా ఎగ్గొడితే అంత క్షేమమనే స్థితి ఏర్పడుతుంది.

ఆనాడు మాకు తెలుసుకునే మార్గం ఏముంది? ఏడాదికోసారి భవిష్య నిధి కార్యాలయం ఇచ్చే ఖాతా చీటీ, ఫారం 23, మాకు అందవలసింది యాజమాన్యం చేతుల మీదుగానే. చీటీ రాలేదేమని అడిగిన ప్రతిసారీ ఆలస్యమవుతోందని అకౌంట్స్ గుమాస్తా చెప్పేవారు. చేతిలో ఫోన్, ఫోన్‌లో పాస్‌బుక్ ఉన్న నేటి యువకుడికి ఐదేళ్లు సరిపోవచ్చు. యూఏఎన్ లేని కాలంలో చెమటోడ్చి, ఇప్పుడు యాభై దాటి పింఛను దరఖాస్తు దగ్గరకు వస్తున్న తరానికి ఆ గడువు పుట్టకముందే తీరిపోయింది.

అందువల్ల కేంద్ర కార్మిక శాఖకు నా విన్నపం ఇది. జీతం చీటీ ద్వారా గానీ, బ్యాంకు స్టేట్‌మెంటు ద్వారా గానీ కోత జరిగినట్టు ఉద్యోగి చూపగలిగినప్పుడు, ఐదేళ్ల గడువును ఆ డబ్బు జమ కాలేదని ఉద్యోగికి తెలిసిన తేదీ నుంచి లెక్కించేలా 125వ సెక్షన్‌ను సవరించాలి. అంతవరకు, 2012కు ముందు నాటి ఫారం 3ఎ, 6ఎ పత్రాలను సంస్థ కోడ్, సంవత్సరం వారీగా స్కాన్ చేసి సభ్యులు తమ లాగిన్‌లో చూసుకునేలా చేస్తే, సమాచార హక్కు దరఖాస్తులతో తిరగవలసిన అవసరం చాలామందికి తప్పుతుంది.

ఒకే కాలంలో రెండుచోట్ల పని చేసేవారి గురించి కూడా ఒక మాట. పగలు ఒక కళాశాలలో, సాయంత్రం మరోచోట పాఠాలు చెప్పేవారికి, రెండు సంస్థల్లో లెక్కలు రాసే గుమాస్తాలకు ఒకే యూఏఎన్ కింద రెండు సభ్యత్వ నంబర్లు ఉండవచ్చు. రెండో చోట చేరేటప్పుడు ఫారం 11లో పాత యూఏఎన్ రాయకపోతే వేరే యూఏఎన్ పుట్టి, ఆ జమలు అక్కడే చిక్కుకుపోతాయి. సర్వీసు తేదీలు ఒకదానిపై ఒకటి పడ్డాయన్న ఒక్క కారణంతో బదిలీ దరఖాస్తులను తిరస్కరించవద్దని 2025 మేలో భవిష్య నిధి సంస్థ తన కార్యాలయాలకు ఆదేశాలిచ్చింది. తిరస్కరణకు గురైనవారు మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.

పాఠకులు, ముఖ్యంగా నలభై దాటినవారు, ఈ వారమే తమ సర్వీస్ హిస్టరీ తెరిచి, చేసిన ప్రతి ఉద్యోగం అందులో ఉందో లేదో, పాస్‌బుక్‌లో పింఛను గడి ఏ నెలైనా ఖాళీగా ఉందేమో చూసుకోవలసిందిగా కోరుతున్నాను. జీతం చీటీలను ఎవరూ పారవేయవద్దు.

నా విషయంలో విచారణ సాగుతోంది. పాత యజమాని కుటుంబమే వేరే పేరుతో నడుపుతున్న సంస్థకు నోటీసు వెళ్లింది. హాజరు పట్టీలు చెదలు తిన్నాయని వారు జవాబిచ్చారు. కోత అందరికీ జరిగిందని నిరూపించడానికి నా ఒక్కదాని ముప్పై ఒక్క చీటీలు చాలవని మా న్యాయవాది అంటున్నారు. 2006, 2009 మధ్య బాలానగర్ ప్రాంతంలోని అట్టపెట్టెల కర్మాగారంలో నాతో పని చేసిన అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు ఎవరైనా ఈ లేఖ చదివి, తమ సర్వీసులోనూ అవే నెలలు లేవని గమనిస్తే, తమ దగ్గరున్న ఒక్క చీటీ అయినా, జీతం పడిన బ్యాంకు పుస్తకం అయినా తీసుకుని ప్రాంతీయ భవిష్య నిధి కార్యాలయంలో ఇదే కోడ్‌పై తమ ఫిర్యాదు కూడా నమోదు చేయించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కుత్బుల్లాపూర్, హైదరాబాద్