వలస కూలీలకు వంటకు చోటు చూపాలి

భీమవరం పరిసరాల రొయ్యల శుద్ధి కర్మాగారాల్లో పనికి ఒడిశా నుంచి వచ్చిన ఆడపిల్లలకు సొంతంగా వండుకునే చోటు లేకుండా పోతోంది. మా వీధిలో గది అద్దెకిచ్చేవారు పొయ్యి వెలిగించకూడదని ముందే షరతు పెడుతున్నారు. రోజంతా మంచుగడ్డల మధ్య రొయ్యలు ఒలిచి, వేళ్లు తెల్లగా నానిపోయి వచ్చే పిల్లలు రాత్రికి బన్నుతో సరిపెట్టుకోవడం చూడలేక, నిరుడు వేసవిలో మా పెరట్లో ఇటుకల పొయ్యి పెట్టుకోమన్నాను. మొదటి ఆదివారమే పప్పులో అరటికాయ, గుమ్మడి, బొప్పాయి ముక్కలు ఉడికించి, నేతిలో జీలకర్ర, ఎండుమిర్చి పోపు పెట్టి దాల్మా వండారు. తొలి గిన్నె మాకే తెచ్చారు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి మర్నాడు తినే వారి పఖాళ చూసి మా అత్తగారు "ఇది మన తరవాణే కదమ్మా" అంటూ ఆవకాయ జాడీ తీశారు. అంతవరకు తలవంచుకుని వెళ్లిపోయే ఆ పిల్లలు ఇప్పుడు గడప దగ్గర ఆగి అత్తయ్యా అని పిలుస్తున్నారు. ఒకప్పుడు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి బర్మాకు కూలికి వెళ్లి, అక్కడ కోరంగీలని పిలిపించుకున్నవారు మన గోదావరి మనుషులే. పరాయి ఊళ్లో పొయ్యి రాజేయడమంటే ఏమిటో మనకు తెలియనిది కాదు. పంచాయతీలు, పురపాలక సంఘాలు ఖాళీగా ఉండే సామాజిక భవనాల్లో వెంటనే ఉమ్మడి వంటశాలలు తెరవాలి. గుర్తింపు కార్డు చూపితే 5 కిలోల గ్యాస్ సిలిండరు దొరుకుతుందని, సొంత రాష్ట్రపు రేషన్ కార్డుతో ఇక్కడా బియ్యం తీసుకోవచ్చని ఒడియాలో రాయించి కర్మాగారాల గేట్ల దగ్గర అంటించాలి. వండినది అమ్ముకోవాలనుకునేవారికి రైతుబజారులో సాయంత్రం పూట ఒక దుకాణం కేటాయించాలి.

– ఒక గృహిణి, భీమవరం